రెపో రేటు ఎంతో చెప్పారు, సరే... తర్వాత?

(గుంటూరులో ఎంబీఏ మొదటి సంవత్సరం విద్యార్థులకు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో విద్యార్థులు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? సరే.

సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాయి, ఎకనామిక్స్ ప్రశ్నలంటే పిల్లలు భయపడుతున్నారు, కాసేపు మాట్లాడండి అని మీ ప్రొఫెసర్ గారు అడిగారు. నేను చాలా కాలం బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేశాను. ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నాను, ఇప్పటికీ కూర్చుంటున్నాను. కాబట్టి బల్లకి అటువైపు నుంచి మీరెలా కనిపిస్తారో చెబుతాను. పనికొస్తుందనుకుంటాను.

అక్కడ జరిగేది ఇది. "రెపో రేటు అంటే ఏంటి?" అని అడుగుతాం. "బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు స్వల్పకాలానికి ఇచ్చే అప్పు మీద వేసే వడ్డీ సార్" అని టకీమని జవాబొస్తుంది. ఇప్పుడెంత ఉందంటే అదీ చెబుతారు. ముందురోజు రాత్రే చూసుకుని వస్తారు, మంచిదే. "సరే, అది పావు శాతం తగ్గిందనుకుందాం. మాది బైకుల కంపెనీ. మాకేంటి లాభం?" అంటాం. "డిమాండ్ పెరుగుతుంది సార్." "ఎలా?" అక్కడ ఆగిపోతారు. తెలివిలేక కాదు. ఆ ప్రశ్న దాకా వెళ్లి ఆలోచించమని ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకని ఇవాళ నేను చెప్పేదంతా ఆ "ఎలా" గురించే. నిర్వచనం తెలిసినవాళ్లు వందమంది వస్తారు. రిజర్వ్ బ్యాంకు తీసుకున్న నిర్ణయం మెట్టు మెట్టుగా దిగి ఒక మనిషి జేబు దాకా ఎలా వస్తుందో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో చెప్పగలిగేవాళ్లు ఒకరిద్దరుంటారు. ఇంటర్న్‌షిప్ ఎందుకు చెయ్యాలి అంటే కూడా నా జవాబు అదే. ఆ మెట్లు కళ్లతో చూడటానికి.

రెపోతోనే మొదలుపెడదాం. కాగితం పెన్ను తీసుకోండి. 30 లక్షల హౌసింగ్ లోన్, 20 ఏళ్లు, వడ్డీ 9 శాతం. ఈఎంఐ ఎంత? సుమారు 26,990 రూపాయలు. వడ్డీ 8 శాతానికి దిగితే సుమారు 25,090. నెలకి 1,900 తేడా. ఇక్కడిదాకా అందరూ వస్తారు. "ఆ 1,900 జనం చేతిలో మిగులుతుంది, దాంతో వస్తువులు కొంటారు, డిమాండ్ పెరుగుతుంది" అంటారు.

ఇప్పుడు మీ ఇంట్లో లోన్ ఉంటే నాన్నగారిని అడగండి. వడ్డీ తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గిందా? చాలా ఇళ్లలో తగ్గదు. బ్యాంకు ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గిస్తుంది. అదే 26,990 కడుతూ పోతే 240 నెలల అప్పు 204 నెలలకే తీరిపోతుంది. మూడేళ్లు ముందే. కుటుంబానికి అది పెద్ద లాభం. కానీ ఈ నెల జేబులోకి ఒక్క రూపాయి అదనంగా రాలేదు. మరి ఈ నెల బైకు ఎలా కొంటారు? ఈ ఒక్క మాట ఇంటర్వ్యూలో చెప్పగలిగితే ప్యానెల్లో వాళ్లు కాగితాల మీంచి తలెత్తి మిమ్మల్ని చూస్తారు.

ఇంకో మెట్టు. 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) హౌసింగ్ లోన్లను, బ్యాంకు సొంతంగా మార్చలేని బయటి ప్రామాణిక రేటుకి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఎక్కువ బ్యాంకులు రెపోనే పట్టుకున్నాయి. కాబట్టి అక్కడ తగ్గింపు త్వరగా చేరుతుంది. బైకు లోను సంగతి వేరు. అది మామూలుగా ఫిక్స్‌డ్ రేటు, ఎక్కువగా ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది. నిరుడు తీసుకున్నవాడికి రెపో తగ్గినా ఒరిగేదేమీ లేదు. కొత్తగా తీసుకునేవాడికైనా ఆ ఫైనాన్స్ కంపెనీకి డబ్బు చవగ్గా దొరికితేనే కాస్త తగ్గుతుంది. ఒక రేటు ఒకచోట వారాల్లో చేరుతుంది, ఒకచోట నెలలు పడుతుంది, ఒకచోట చేరనే చేరదు.

ఇది మన తెలుగాయన ఒకరు బాగా అనుభవించిన విషయం. దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా 2008 సెప్టెంబరు 5న బాధ్యతలు తీసుకున్నారు. పది రోజులకి, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కుప్పకూలింది. అప్పుడు 9 శాతం ఉన్న రెపోని 2009 ఏప్రిల్ కల్లా 4.75కి తెచ్చారు. ఏడు నెలల్లో దాదాపు సగం! బ్యాంకుల రేట్లు ఆ వేగంతో దిగలేదు. డిపాజిట్లకి ఇస్తామన్న పాత వడ్డీ బ్యాంకు ఇస్తూనే ఉండాలి కదా, అప్పుల మీద ఒక్కసారిగా ఎలా తగ్గిస్తుంది? "మానిటరీ ట్రాన్స్‌మిషన్" అని పుస్తకంలో చదివేది ఇదే.

ద్రవ్యోల్బణం గురించి రెండు మాటలు. ఇక్కడ చాలామంది ఒకే గోతిలో పడుతున్నారు. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. ధరలు పెరిగే వేగం తగ్గిందని. నిరుడు 100 ఉన్నది 107 అయింది, ఏడు శాతం. ఈ ఏడాది 109 అయింది, రెండు శాతం కూడా లేదు. అమ్మ కొట్టుకెళితే 109 ఇచ్చే కొనాలి. 2025 అక్టోబరులో వినియోగ ధరల సూచీ ద్రవ్యోల్బణం 0.25 శాతం అని వార్త వచ్చింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు కదా? వాళ్లు గుర్తుపెట్టుకునేది మూడేళ్ల కిందటి ధర. సూచీ పోల్చేది నిరుటి అదే నెలతో. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇంటర్వ్యూలో ఈ తేడా మర్యాదగా విడమరిచి చెప్పండి, "సామాన్యులకి అర్థం కాదు సార్" అని మాత్రం అనకండి. సామాన్యులకి ధర తెలిసినంతగా మనకి తెలియదు.

దీనికి మంచి ఉదాహరణ టమాటా. 2023 జులైలో కిలో చాలాచోట్ల 150 దాటింది, కొన్నిచోట్ల 200 దాటింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం. మరుసటి ఏడాది జులైలో అది 4 శాతం లోపుకి వచ్చేసింది. ఏడాదిలో ఏదో అద్భుతం జరిగిందా? పోల్చే నెలే అంత ఎత్తున ఉంటే దాని పక్కన ఏదైనా పొట్టిగానే కనబడుతుంది. బేస్ ఎఫెక్ట్ అంటారు. 2012 ఆధార సంవత్సరంగా లెక్కకట్టిన సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. అంత బరువు అటువైపు ఉంటే, కూరగాయలు సూచీ మొత్తాన్ని లాగేస్తాయి. రెపో పెంచితే టమాటా ధర తగ్గుతుందా? తగ్గదు. మరి రిజర్వ్ బ్యాంకు ఎందుకు కంగారుపడుతుంది? కూరగాయల ధర చూసి జీతాలు పెంచమని అడగడం, ఆ జీతాలు చూసి మిగతా ధరలు పెరగడం మొదలైతే అప్పుడు ఆపడం కష్టం. అందుకని.

అసలు టమాటా ధర అంతలా ఎందుకు ఎగురుతుంది? ఎలాస్టిసిటీ అని, ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలత, మీరు మొదటి సెమిస్టర్లో చదివారు, ఫార్ములా రాసి పరీక్ష పాసయ్యారు. దాన్ని మదనపల్లె మార్కెట్లో నిలబెట్టి చూద్దాం. ధర రెట్టింపైతే మనం టమాటా వాడకం సగానికి తగ్గిస్తామా? లేదు, కాస్త తగ్గిస్తాం. డిమాండ్ ఎలాస్టిసిటీ 0.3 అనుకోండి, అంటే ధర 10 శాతం పెరిగితే వాడకం 3 శాతమే తగ్గుతుంది. మార్కెట్‌కి సరుకు 10 శాతం తక్కువొస్తే ధర 33 శాతం పెరిగితేగానీ లెక్క సరిపోదు. తిప్పి చూడండి. సరుకు 10 శాతం ఎక్కువొస్తే ధర 33 శాతం పడిపోవాలి. అంటే పంట బాగా పండిన ఏడాదే రైతుకి వచ్చే మొత్తం తగ్గిపోతుంది. పత్తికొండలో రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసి పోయిన ఫొటోలు మీరు పేపర్లో చూసి ఉంటారు. ఆ ఫొటో వెనకాల ఉన్నది మీరు పరీక్షలో రాసిన ఫార్ములాయే.

సరఫరా కూడా అంతే. నారు నాటాక రెండు నెలలు దాటితేగానీ కాయ కోతకి రాదు. ధర బాగుందని అందరూ ఒకేసారి నాటుతారు, అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కి వస్తుంది, ధర పడుతుంది, మళ్లీ వెయ్యడం మానేస్తారు, మళ్లీ ధర లేస్తుంది. పుస్తకంలో కాబ్‌వెబ్ మోడల్ అని బొమ్మ గీసి ఉంటుంది. ఆ బొమ్మలో గీతలున్నాయి గానీ, ఆ గీతలకి అప్పులున్న సంగతి లేదు.

ఇప్పుడు మన ఊరి సరుకు మాట్లాడుకుందాం. మిర్చి. టమాటాకీ మిర్చికీ తేడా ఏంటి? ఎండుమిర్చి నిల్వ ఉంటుంది. యార్డులో ధర నచ్చకపోతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. అంటే రైతు చేతిలో ఒక నిర్ణయం ఉంది. టమాటా రైతుకి ఆ నిర్ణయం లేదు. నిర్ణయం ఉన్నచోటే ఎకనామిక్స్ మొదలవుతుంది. మీలో మిర్చి పండించే ఇళ్లవాళ్లు చాలామందే ఉంటారు, ఈ లెక్క మీరే నాకంటే బాగా చెప్పగలరు.

క్వింటా ధర ఇవాళ 12,000 అనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె. ఆరు నెలలు ఆగితే ధర పెరుగుతుందని నాన్నగారి ఆశ. ఎంత పెరిగితే ఆగినందుకు గిట్టుబాటవుతుంది? ఇవాళ అమ్మితే 12,000 చేతికొస్తుంది, దాంతో అప్పు తీర్చొచ్చు. ఆ అప్పు ఎక్కడిది? బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే ఏడాదికి 24 శాతం. ఆరు నెలలకి 12,000 మీద 1,440. కోల్డ్ స్టోరేజీ అద్దె, హమాలీ కలిపి క్వింటాకి 300 అనుకోండి. తరుగు మూడు శాతం, అంటే క్వింటా పెడితే 97 కిలోలే తూకానికి వస్తుంది. 12,000, 1,440, 300 కూడితే 13,740. దాన్ని 0.97తో భాగిస్తే సుమారు 14,165. ధర 18 శాతం పెరిగితే లాభమూ లేదు, నష్టమూ లేదు. రంగు తగ్గడం ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

అదే ఊళ్లో పక్క రైతుకి బ్యాంకులో 12 శాతానికి అప్పు దొరికింది. ఆయనకి ఆరు నెలల వడ్డీ 720. మిగతా అంతా అదే. లెక్క వేస్తే సుమారు 13,420. 12 శాతం పెరిగితే చాలు. ఒకటే మిర్చి, ఒకటే స్టోరేజీ, ఒకటే యార్డు. ఒకాయన ఆగగలడు, ఇంకొకాయన ఆగలేడు. ధర 13,800 అయితే ఒకరికి లాభం, ఒకరికి నష్టం. మీ ఫైనాన్స్ పేపర్లో కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అని ఉంటుంది చూడండి, కంపెనీల బ్యాలెన్స్ షీట్లు పెట్టి నేర్పిస్తారు. అది ఇదే. చవగ్గా అప్పు దొరికేవాడికి ఓపిక పట్టే శక్తి ఉంటుంది. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న ఎకనామిక్స్‌లో సగం ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఇంకా ఉంది. "క్వింటాకి 15,000 ఖర్చుపెట్టాను, అంతకంటే తక్కువకి అమ్మను" అంటారు చాలామంది. ఆ 15,000 అయిపోయిన ఖర్చు. అమ్మినా రాదు, ఆగినా రాదు. సంక్ కాస్ట్. నిర్ణయం తీసుకోవాల్సింది ఇకమీద అయ్యే ఖర్చునీ ఇకమీద వచ్చే ధరనీ చూసి. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పండి. కానీ రైతుకి తెలియదన్నట్టు చెప్పకండి. ఆ 15,000లో కౌలు ఉంది, పురుగుమందుల కొట్లో బాకీ ఉంది, నష్టానికి అమ్మితే వచ్చే సీజన్‌కి పెట్టుబడి పుట్టదనే భయం ఉంది. ఆ భయం లెక్కలో రాదుగానీ నిజమైనదే. సిద్ధాంతం తెలిసి మనిషిని చిన్నచూపు చూసే అభ్యర్థిని నేనైతే తీసుకోను.

ఇదే మిర్చి మీద ప్రభుత్వ జోక్యం గురించి అడగొచ్చు. మద్దతు ధర ప్రకటించే పంటల్లో మిర్చి లేదు, టమాటా లేదు. 2025లో ధర బాగా పడినప్పుడు కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. దాని మీద మీ అభిప్రాయమేంటి అంటే "మంచిదే సార్" అని ఊరుకోకండి. ప్రభుత్వం సరుకు కొని గోదాములో పెట్టడం ఒక పద్ధతి. మార్కెట్ ధరకీ ప్రకటించిన ధరకీ మధ్య తేడా రైతు ఖాతాలో వెయ్యడం ఇంకో పద్ధతి. మొదటిదాంట్లో నిల్వ భారం ప్రభుత్వానిది. రెండోదాంట్లో ఎవరు ఎంతకి అమ్మారో సరిగ్గా నమోదవ్వాలి. కౌలు రైతు పేరు ఆ కాగితంలో ఉంటుందా? ఈ ప్రశ్న మీరే లేవనెత్తండి.

భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్లుంటే రొయ్య సంగతి చూసుకోండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ సుంకం ఎవరు మోస్తారు అన్నది ఎంతో మంచి ఇంటర్వ్యూ ప్రశ్న. చట్టం ప్రకారం కట్టేది అమెరికా దిగుమతిదారు. మరి భారం అక్కడే ఆగుతుందా? అప్పుడు ఆయనకి ఈక్వడార్ రొయ్య తక్కువ సుంకంతో దొరికేది, కాబట్టి మనల్ని వదిలి అటు వెళ్లగలిగేవాడు. మన ఎగుమతిదారు ధర తగ్గించుకోవాలి. ఆయన చెరువు దగ్గర కొనే ధర తగ్గిస్తాడు. చెరువులో రొయ్య కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, వచ్చేశాక రైతు ఎన్నాళ్లు ఆగగలడు? మేత ఖర్చు రోజూ ఉంటుంది, రోగం భయం ఉంటుంది. ఎవరికి తప్పించుకునే దారి తక్కువో వాళ్ల నెత్తిన భారం పడుతుంది. టాక్స్ ఇన్సిడెన్స్ అన్న పాఠంలో రెండు గీతలు గీసి చెప్పేది ఇంతే. మీ ఊరి చెరువు మీద చెప్పండి.

ఇక ఇంటర్న్‌షిప్. పెద్ద పేరున్న కంపెనీలో దొరికితే మంచిదే, వెళ్లండి. దొరకలేదని కుంగిపోకండి. అంకెలు మీ కళ్లముందు కదిలేచోటు ఏదైనా సరే. కోల్డ్ స్టోరేజీ, స్పిన్నింగ్ మిల్లు, విత్తనాల కంపెనీ, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ, సహకార బ్యాంకు. అక్కడికి వెళ్లి "ఏదైనా పని ఇవ్వండి సార్" అనకండి. "గత మూడేళ్ల స్టాకు రిజిస్టరు చూసి, ఏ నెలలో ఎంత సరుకు బయటికెళ్లిందో, అప్పుడు ధరెంతో పట్టిక వేసిస్తాను" అనండి. యజమానికి పనికొచ్చే మాటతో వెళితే తలుపు తెరుచుకుంటుంది.

ఒకసారి ఇంటర్వ్యూకి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న టౌన్లో ట్రాక్టర్ల షోరూములో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. బయోడేటాలో చూస్తే ఏమంత గొప్పగా కనిపించదు. నేను మామూలుగా అడిగాను, "వడ్డీ తగ్గితే ట్రాక్టర్లు ఎక్కువ అమ్ముడవుతాయా అమ్మా?" అని. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "మా షోరూములో అలా కనిపించలేదు సార్. డెలివరీ రిజిస్టరు చూశాను. యార్డులో మిర్చి డబ్బు చేతికొచ్చిన వారాల్లోనే డెలివరీలు ఎక్కువున్నాయి. వడ్డీ పావు శాతం తగ్గిందని ఎవరూ రాలేదు. డౌన్ పేమెంట్ చేతికొచ్చాక వచ్చారు" అంది. ఆ తర్వాత, "అది ఒక్క షోరూమే సార్, అన్నిచోట్లా అంతే అని చెప్పలేను" అని తనే అంది. ప్యానెల్లో మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. తను చూసిందేమిటో చెప్పింది, అది ఎంతవరకు నిలబడుతుందో కూడా చెప్పింది. ఆ తర్వాత మేమడిగిన ప్రశ్నలన్నీ ఆమెని పరీక్షించడానికి కాదు, మేం తెలుసుకోవడానికే.

కాబట్టి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం ఒక పేజీ రాసుకోండి. ఇవాళ ఏ ధర మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు. కంపెనీ రహస్యాలు రాయొద్దు, బయట చెప్పొద్దు. అది నమ్మకానికి సంబంధించిన విషయం. రిపోర్టులో వేరేవాళ్ల పేరాలు తెచ్చి అతికించొద్దు. ప్యానెల్లో మూడో ప్రశ్నకే అది బయటపడిపోతుంది.

ప్రభుత్వం వైపు అవకాశాల గురించి కూడా చెప్పాలి, వీటి మీద గందరగోళం ఎక్కువ. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. అప్పుడు 21 నుంచి 24 ఏళ్లవారికి ఏడాదిపాటు, నెలకి 5,000 అన్నారు. దానికి మీరు అప్లై చేద్దామనుకుంటున్నారని విన్నాను. పైలట్ (ప్రయోగాత్మక) విడత నిబంధనల ప్రకారం పూర్తికాలం చదువుతున్నవాళ్లకి, ఎంబీఏ పట్టా ఉన్నవాళ్లకి అర్హత లేకపోయింది. మీ ఇంట్లో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకి చెప్పండి. మీకు పనికొచ్చేది రిజర్వ్ బ్యాంకు సమ్మర్ ప్లేస్‌మెంట్. మేనేజ్‌మెంట్, ఎకనామిక్స్, కామర్స్, న్యాయశాస్త్రం చదివేవాళ్ల నుంచి గరిష్టంగా 125 మందిని తీసుకుంటారు, ఏప్రిల్ నుంచి జులై మధ్యలో. దరఖాస్తులు అంతకు ముందు అక్టోబరు, డిసెంబరు మధ్యే పిలుస్తారు. మార్చిలో గుర్తొస్తే లాభంలేదు. రిజర్వ్ బ్యాంకు సైట్లో నోటిఫికేషన్ పూర్తిగా చదువుకుని అప్లై చెయ్యండి. గుంటూరు నుంచి మమ్మల్ని తీసుకుంటారా అని మీలో మీరే తేల్చేసుకోకండి.

ఇక మీరు అడగండి.

"సార్, కొన్ని సంస్థలు డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తామంటున్నాయి. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. తీసుకోవచ్చా?"

వద్దమ్మా. పనిచేసేవాళ్లకి జీతమివ్వాలి, లేకపోతే కనీసం పని నేర్పాలి. పని చేయించుకోవడానికి మన దగ్గరే డబ్బు తీసుకునేది ఇంటర్న్‌షిప్ కాదు. ఆ సర్టిఫికెట్ చూసి మేమడిగే మొదటి ప్రశ్న "అక్కడ ఏం చేశావు" అనే. ఆ డబ్బుతో రెండు నెలలు బస్సు చార్జీలు పెట్టుకుని యార్డుకి వెళ్లిరా, కమీషన్ కొట్టు పక్కన కూర్చుని ధర ఎలా నిర్ణయమవుతుందో చూసిరా. దాని గురించి మాట్లాడటానికి నీకు బోలెడంత ఉంటుంది.

"నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం సార్. పాయింట్ తెలిసినా ఇంగ్లీషులో చెప్పేసరికి ఆగిపోతున్నాను."

ముందు తెలుగులో అమ్మకి చెప్పు బాబూ. రెపో తగ్గితే మనింట్లో ఏమవుతుందో అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగావంటే విషయం నీకొచ్చినట్టే. తర్వాత అదే వరసలో ఇంగ్లీషులో రాసుకో. చిన్న చిన్న వాక్యాలు చాలు. వడ్డీ తగ్గింది, ఈఎంఐ మారలేదు, కాలం తగ్గింది, చేతిలో డబ్బు మిగల్లేదు. ప్రతి వాక్యంలో ఒక్క విషయమే ఉండాలి. వ్యాకరణం చిన్నగా తప్పినా మేం పట్టించుకోం. వరస తప్పితేనే పట్టుకుంటాం. ఆగిపోతే ఒక్క నిమిషం టైమిమ్మని అడుగు, కాగితం మీద లెక్క వేసుకో. ఇచ్చేస్తారు.

"తెలియని ప్రశ్న అడిగితే సార్?"

తెలియదని చెప్పండి. చెప్పాక, దాన్ని తెలుసుకోవాలంటే ఏ అంకె చూడాలో చెప్పండి. "కరెంట్ అకౌంట్ లోటు ఈ త్రైమాసికంలో ఎంతో నాకు తెలియదు సార్. క్రూడాయిల్ ధర, బంగారం దిగుమతులు, సాఫ్ట్‌వేర్ ఎగుమతులు ఎలా ఉన్నాయో చూస్తే ఎటు వెళ్తోందో చెప్పొచ్చు" అంటే, అంకె తెలిసినవాడికంటే మీకే ఎక్కువ మార్కులు పడతాయి.

"సార్, చివరి ప్రశ్న. ఇంకా నెల రోజులే ఉంది. ఒక్కటే చదవాలంటే ఏం చదవాలి?"

రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ మినిట్స్, అంటే సమావేశంలో ఎవరేమన్నారో రాసిన రికార్డు. రెపో రేటు నిర్ణయించేది ఈ కమిటీయే. మానిటరీ పాలసీ కమిటీ అంటారు. ఆరుగురు సభ్యులు. ముగ్గురు రిజర్వ్ బ్యాంకు నుంచి, ముగ్గుర్ని కేంద్రం నియమిస్తుంది. చట్టం ప్రకారం ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉంచాలి, అటూ ఇటూ 2 శాతం దాకా వెసులుబాటు ఉంటుంది. సమావేశం అయిన పద్నాలుగో రోజున మినిట్స్ బయటపెడతారు. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకేశారో ఎవరి మాటల్లో వాళ్లు రాస్తారు. ఉచితంగా దొరుకుతుంది.

2024 ఆగస్టు సమావేశానిది తీసుకోండి. అప్పుడు రెపో 6.5 శాతం. నలుగురు అలాగే ఉంచుదామన్నారు. ఇద్దరు పావు శాతం తగ్గిద్దామన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు జయంత్ వర్మ గారు, అప్పట్లో ఐఐఎం అహ్మదాబాద్‌లో ఫైనాన్స్ ప్రొఫెసర్. ఇంకొకరు అషీమా గోయల్ గారు, ఆర్థికవేత్త. ఆరుగురి ముందూ ఉన్న అంకెలు అవే. ఒకవైపు ఆహార ధరలు ఇంకా కుదురుకోలేదన్న జాగ్రత్త. ఇంకోవైపు, ద్రవ్యోల్బణం తీసేస్తే మిగిలే నిజమైన వడ్డీ ఎక్కువగా ఉంది, దాని వల్ల పెట్టుబడులు, ఉద్యోగాలు దెబ్బతింటాయన్న ఆందోళన. ఆరుగురు రాసినవీ ఓపిగ్గా చదవండి. తర్వాత మినిట్స్ మూసేసి, ఏడో సభ్యుడిగా మీరుంటే ఎటు ఓటేసేవాళ్లో రెండు పేజీలు రాయండి. ఎటు వేసినా ఫర్వాలేదు, ఆ ఓటు వల్ల ఎవరికి నష్టమో కూడా ఆ రెండు పేజీల్లోనే రాయాలి. రాసినవి శుక్రవారం లోపు మీ ప్రొఫెసర్ గారికిస్తే ఆయన నాకు పంపుతారు. అన్నీ చదివి, ప్రతిదాని మీదా నా ప్రశ్నలు రాసి పంపిస్తాను.